ఉడతల వేటకి .32 మజిల్ లోడర్: దట్టించడం నుంచి కడిగి దాచడం దాకా

అమెరికాలో వేట లైసెన్స్ తీసుకుని, మూతి వైపు నుంచి దట్టించే తుపాకి కొనుక్కున్న మనవాళ్లు నన్ను అడిగేవి మూడే ప్రశ్నలు. మందు ఎంత పోయాలి? మొదటి రెండు గుండ్లు బాగానే తగిలి మూడోది ఎందుకు పక్కకి పోతోంది? ఇంటికొచ్చాక ఎలా కడగాలి? ఈ మూడింటి వెనకా ఉన్నది ఒకటే: మసి. నల్లమందు (బ్లాక్ పౌడర్, ఈ తుపాకుల్లో పోసే మందు) కాలాక దాని బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగిలిపోతుంది. .50 కాలిబర్ (లోపలి వెడల్పు అర అంగుళం) గొట్టంలో ఆ మసికి కొంత చోటు ఉంటుంది. .32లో ఉండదు. అందుకే చిన్న కాలిబర్ తుపాకిని పెద్దదానిలా వాడితే కుదరదు.

మొదలుపెట్టేముందు చట్టం గురించి చెప్పాలి. ఇక్కడ రాసేదంతా అమెరికా సంగతి. మన దేశంలో మూతి వైపు నుంచి దట్టించే తుపాకికి కూడా ఆయుధ చట్టం కింద లైసెన్స్ కావాలి. వన్యప్రాణుల వేట 1972 చట్టం కింద నేరం. ఊళ్లో తాతల నాటి తుపాకి ఉంది కదా అని దీన్ని చదివి ప్రయత్నించకండి.

అమెరికాలో ఫెడరల్ చట్టం ఈ రకం తుపాకుల్ని చాలావరకు 'యాంటిక్' (పాతకాలపు వస్తువు) కిందే లెక్కేస్తుంది. రాష్ట్రాల చట్టాలు మాత్రం అలా ఉండవు, ముఖ్యంగా న్యూజెర్సీ లాంటి చోట్ల. హెచ్1బీ, ఎఫ్1 వీసాల మీద ఉన్నవాళ్లు షాపువాడి మాట నమ్మి కొనేయకుండా, తమ రాష్ట్ర నిబంధనలు చదివి, అనుమానముంటే లాయర్‌ని అడగండి. వేట లైసెన్స్, సీజన్, రోజుకి ఎన్ని కొట్టొచ్చన్న లెక్క, ఏ కాలిబర్ వాడొచ్చన్నది కూడా రాష్ట్రాన్ని బట్టి మారతాయి. ఉదాహరణకి మిస్సోరిలో ఉడతల సీజన్ మే నాలుగో శనివారం మొదలై ఫిబ్రవరి 15 దాకా నడుస్తుంది. అక్కడ 1967 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి, 16 ఏళ్లు నిండినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి ఉండాలి. మీ రాష్ట్రంలో తప్పనిసరి కాకపోయినా ఆ కోర్సు చేయండి.

ఎందుకు .32?

ఉడత, కుందేలు లాంటి చిన్న జంతువులకి .50 గుండు తగిలితే వండుకోవడానికి ఏమీ మిగలదు. .32 తుపాకిలో వేసే .310 అంగుళాల సీసపు గుండు బరువు దాదాపు 45 గ్రెయిన్లు, అంటే ట్వంటీటూ రైఫిల్ బుల్లెట్ కంటే కాస్త ఎక్కువ. ఒక పౌండు మందులో 7000 గ్రెయిన్లుంటాయి. 20 గ్రెయిన్ల చొప్పున 350 సార్లు కాల్చొచ్చు. ఖర్చు తక్కువ, తన్ను దాదాపు ఉండదు. మాటిమాటికీ తుడిచే ఓపిక లేదనుకుంటే .36 లేదా .40 తీసుకోండి. మసి బాధ కొంత తగ్గుతుంది.

కావలసినవి

- తుపాకి, దాని మాన్యువల్. మందు కొలత విషయంలో మాన్యువల్ చెప్పిందే ఆఖరి మాట. పాత తుపాకి కొంటే ముందు గన్‌స్మిత్‌కి చూపించండి.
- 3ఎఫ్ (సన్న పలుకుల) నల్లమందు, కంపెనీ డబ్బాలో ఉన్నదే. నల్లమందుకి బదులు వాడే పైరోడెక్స్ పి, ట్రిపుల్ సెవెన్ 3ఎఫ్ కూడా పనికొస్తాయి. ట్రిపుల్ సెవెన్‌కి బలం ఎక్కువ, కాబట్టి కొలత 15 శాతం తగ్గించాలి. చెకుముకి రాయితో పేలే తుపాకి అయితే అసలైన నల్లమందే కావాలి, మిగతావి సులువుగా అంటుకోవు.
- మందు కొలిచే గొట్టం. నల్లమందుని తూకంతో కాదు, పరిమాణంతో కొలుస్తారు.
- మెత్తటి సీసంతో చేసిన .310 గుండ్లు
- .015 అంగుళాల మందమున్న నూలు ప్యాచ్‌లు (గుండు చుట్టూ వేసే గుడ్డముక్కలు). దించడం మరీ కష్టమైతే .010వి.
- ప్యాచ్‌కి పూసే జిడ్డు: జంతువుల కొవ్వుతో గానీ, తేనెమైనం, ఆలివ్ నూనె కలిపి గానీ చేసినది. కారుకి వాడే నూనెలు, గ్రీజు వద్దు. నల్లమందు వేడికి అవి తారులా గట్టిపడతాయి.
- క్యాప్‌లు (హ్యామర్ దెబ్బకి పేలి మందుని అంటించే చిన్న టోపీలు). చాలా తుపాకులకి 11 నంబర్ సరిపోతుంది.
- షార్ట్ స్టార్టర్ (గుండుని మూతిలోకి మొదట దించే పొట్టి కర్ర), నిపుల్ (క్యాప్ కూర్చునే చిన్న గొట్టం) విప్పే రెంచ్, నిపుల్‌లో దూర్చే సన్నటి పిన్ను
- లోహపు రేంజ్ రాడ్ (గుండు దించడానికి, గొట్టం తుడవడానికి), మూతి దగ్గర గొట్టాన్ని కాపాడే గైడ్, జాగ్ (రాడ్ చివర బిగించి తుడిచే ప్యాచ్ చుట్టే ముక్క), గుండు లాగే స్క్రూ
- కళ్లద్దాలు, చెవులకి రక్షణ. క్యాప్ పేలినప్పుడు రాగి తునకలు ఎగురుతాయి, కళ్లద్దాలు లేకుండా ఒక్కసారి కూడా కాల్చొద్దు.

రాడ్ గురించి ఇంకొంచెం చెప్పాలి. తుపాకితో పాటు వచ్చే చెక్క రాడ్ .32లో చాలా సన్నగా ఉంటుంది. బలంగా నెట్టితే పుల్లలా విరిగి, చీలిన మొన అరచేతిలో దిగుతుంది. దాన్ని అడవిలో అవసరానికి ఉంచుకుని, రేంజ్‌లో (కాల్చడం సాధన చేసే చోట) లోహపు రాడ్డే వాడండి. కొనేముందు రాడ్ చివర జాగ్ బిగించే మర సైజు కూడా చూసుకోండి: చిన్న కాలిబర్ రాడ్లకి తరచుగా 8-32 మర ఉంటుంది, షాపుల్లో దొరికే జాగ్‌లు, బ్రష్‌లు ఎక్కువగా 10-32. పొంతన లేని జాగ్ గొట్టంలో ఊడిపోతే ఆ రోజుకి పని అయిపోయినట్టే.

దట్టించడం, కాల్చడం

1. గొట్టం ఖాళీగా ఉందో లేదో చూడండి. రాడ్‌ని లోపలికి జారవిడవండి. 'ఠంగ్'మని లోహం మీద పడ్డ శబ్దం రావాలి. మూతి దగ్గర రాడ్ మీద గీత గీయండి, ఇది ఖాళీ గీత. తుపాకి కొత్తదైనా, షాపువాడు ఖాళీదేనన్నా ఈ పని మానొద్దు.

2. పొడి ప్యాచ్‌తో నూనె తుడిచేయండి. మూతిని సురక్షితమైన వైపు, నేల మీదున్న ఎండుటాకుకి దగ్గరగా పెట్టి ఉత్త క్యాప్ ఒకటి పేల్చండి. ఆకు ఎగరాలి. ఎగరకపోతే నిపుల్‌లోనో దాని కింద దారిలోనో నూనె అడ్డుపడి ఉంది. పిన్నుతో పొడిచి మళ్లీ పేల్చండి. ఆకు కదిలేదాకా మందు పోయొద్దు.

3. హ్యామర్‌ని హాఫ్ కాక్‌లో (సగం లేపిన స్థితిలో) పెట్టి, నిపుల్ మీద క్యాప్ లేకుండా చూసుకుని, మందుని ముందు కొలత గొట్టంలోకి, అక్కడినుంచి తుపాకిలోకి పోయండి. డబ్బాలోంచి గానీ ఫ్లాస్క్‌లోంచి గానీ నేరుగా తుపాకిలోకి ఎప్పుడూ పోయకండి. లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే చేతిలో ఉన్న మందంతా పేలుతుంది. ఉడతలకి 15 నుంచి 20 గ్రెయిన్లతో మొదలుపెట్టండి, మాన్యువల్ హద్దు దాటొద్దు. డబ్బా మూత పెట్టి దూరంగా ఉంచండి. దగ్గర్లో సిగరెట్ వెలగకూడదు.

4. జిడ్డు పూసిన ప్యాచ్‌ని మూతి మీద పరిచి మధ్యలో గుండు పెట్టండి. పోతపోసిన గుండు అయితే దాని మీదున్న చదును మచ్చ పైకి, సరిగ్గా మధ్యలో ఉండాలి. షార్ట్ స్టార్టర్‌తో లోపలికి దించండి. ముఖం, ఛాతీ మూతికి ఎదురుగా రాకుండా తుపాకిని పక్కకి వంచి పట్టుకోండి.

5. రాడ్‌ని మూతికి జానెడు పైన పట్టుకుని కొంచెం కొంచెంగా కిందికి నెట్టండి. గుండు మందుని ఆనుకోవాలి. ఆనిందని చేతికి తెలిశాక ఆపేయండి, రోకలితో దంచినట్టు పైనుంచి దంచకండి. ఇప్పుడు రాడ్ మీద రెండో గీత గీయండి. 20 గ్రెయిన్ల మందుకి రెండు గీతల మధ్య తేడా సుమారుగా ఒకటింబావు అంగుళం వస్తుంది. తర్వాత ప్రతిసారీ ఈ గీత మూతి దగ్గరికి వచ్చిందో లేదో చూడండి. గీత పైన ఆగితే గుండు దారిలో ఇరుక్కుంది, లేదా మందు రెండుసార్లు పడింది. గుండుకీ మందుకీ మధ్య ఖాళీ ఉండగా కాలిస్తే గొట్టం ఉబ్బుతుంది, పగిలిపోవచ్చు కూడా.

6. రాడ్ బయటికి తీశారా? చూసుకోండి. తుపాకిని టార్గెట్ వైపు తిప్పాకే క్యాప్ పెట్టండి. అన్నిటికంటే చివరి పని ఇదే.

7. గురి చూసి కాల్చండి. పేలాక కూడా ఒక క్షణం గురిలోంచి తల ఎత్తకండి. ఈ తుపాకుల్లో ట్రిగ్గర్ నొక్కడానికీ గుండు బయటపడడానికీ మధ్య వ్యవధి కాస్త ఎక్కువ. ఆ లోపు కదిలితే గురి తప్పుతుంది.

8. తుడవండి. ప్యాచ్‌ని నీళ్లతో గానీ, నీళ్లు కలిపిన బ్యాలిస్టాల్ అనే తుపాకి నూనెతో గానీ తడిపి గట్టిగా పిండేయండి. చేత్తో పట్టుకుంటే చెమ్మ తెలియాలి, నీరు కారకూడదు. ఒక్కసారి నెమ్మదిగా కిందిదాకా దించి, పైకి లాగి, ప్యాచ్ తిప్పి మళ్లీ ఒకసారి. తర్వాత పొడి ప్యాచ్. ఇలా తుడిస్తే మిగిలిన నిప్పురవ్వలు కూడా ఆరిపోతాయి.

మూడో గుండు పక్కకి పోవడానికి కారణం ఈ ఎనిమిదో మెట్టు వదిలేయడమే. కొందరు ఐదారు గుళ్లకి ఒకసారి తుడుస్తారు. .32లో ప్రతి గుండుకీ తుడవాల్సిందే. గాలిలో తేమ ఉన్న రోజున మసి మెత్తగా ఉంటుంది కాబట్టి ఒక్కోసారి తప్పించుకోవచ్చు. టెక్సాస్ పడమటి వైపో అరిజోనాలోనో పొడిగాలిలో అది పెంకులా గట్టిపడుతుంది, రెండో గుండే దిగదు. దిగడంలేదని బలం పెంచితే గుండు చదునవుతుంది లేదా రాడ్ విరుగుతుంది.

ఇక్కడ ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. గొట్టానికి మరీ బిగుతైన జాగ్ వాడితే మసినంతా కిందికి తోసి, నిప్పు వచ్చే దారిని మూసేస్తుంది. తుడిచిన వెంటనే తుపాకి పేలడం మానేస్తోందంటే తప్పు క్యాప్‌ది కాదు, జాగ్‌ది. జాగ్‌ని కాస్త సన్నం చేయించండి: కిందికి వెళ్లేటప్పుడు వదులుగా జారాలి, పైకి వచ్చేటప్పుడు ప్యాచ్ మడత పడి మసిని లాక్కురావాలి.

ఫలితం సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం

టార్గెట్ కంటే ముందు నేల చూడండి. కాల్చిన ప్యాచ్‌లు మూతికి కొన్ని గజాల దూరంలో పడి ఉంటాయి. రేంజ్‌లో అందరూ కాల్పులు ఆపాకే వెళ్లి ఏరుకురండి. తుపాకి గురించి వాటంత నిజం చెప్పేది ఇంకోటి లేదు.

మంచి ప్యాచ్ అంచులు కాస్త పీచులు లేచి, మధ్యలో మసి రంగు గుండ్రటి మచ్చతో, చిరగకుండా ఉంటుంది. దులిపితే మళ్లీ వాడొచ్చనిపిస్తుంది, వాడకండి. మధ్యలో కాలి చిల్లు పడితే జిడ్డు చాలలేదు, లేదా గుడ్డ పలచన. చిల్లు కాలినట్టు కాకుండా కోసినట్టు ఉంటే గొట్టంలోని గాడుల అంచులు ఇంకా పదునుగా ఉన్నాయి. కొత్త తుపాకుల్లో ఇది మామూలే, కొన్ని పదుల గుళ్లు కాల్చాక నునుపు తేలుతుంది. ప్యాచ్ పీలికలైపోతే గుడ్డ మార్చండి. షాపులో రెడీమేడ్ ప్యాచ్‌లు ఏళ్లతరబడి జిడ్డులో నానిపోయి ఉంటాయి. చేత్తో లాగితే చిరిగే గుడ్డ తుపాకిలో నిలవదు. బిగుతుగా నేసిన నూలు గుడ్డ కొని, ఉతికి గంజి వదిలించి, మీరే కోసుకుంటే మేలు.

ఆ తర్వాత టార్గెట్. 25 గజాల దగ్గర, తుపాకిని మెత్తటి ఆధారం మీద ఉంచి, ఒకే పద్ధతిలో తుడుస్తూ ఐదు గుళ్లు కాల్చండి. గుళ్లన్నీ ఒకచోటే పడుతున్నాయా అన్నది ముందు, ఎక్కడ పడుతున్నాయన్నది తర్వాత. గుంపు చెదిరితే సైట్ (గురి చూసే ముక్క) జోలికి వెళ్లొద్దు. మందు, గుడ్డ మందం, జిడ్డు, వీటిలో ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో ఎప్పటికీ తెలియదు. గుంపు ఒక అంగుళంలోకి వచ్చాక సైట్ సరిచేయండి. వెనక సైట్‌ని గుండు ఎటు పోవాలో అటే జరపాలి, ముందు సైట్‌ని దానికి ఎదురువైపు. ముందు సైట్‌ని ఆకురాయితో అరగదీస్తే గుండు పైకి పోతుంది. అరగదీసింది మళ్లీ అతకదు కాబట్టి రెండు గీతలు గీసి, కాల్చి చూసి, మళ్లీ రెండు గీతలు.

పేలకపోతే

తుపాకిని టార్గెట్ వైపే పట్టుకుని కనీసం ఒక నిమిషం కదలకుండా ఉండండి. ఆలస్యంగా పేలే అవకాశం ఉంది. తర్వాత కొత్త క్యాప్ పెట్టి చూడండి. అప్పటికీ పేలకపోతే క్యాప్ తీసేసి, నిపుల్‌ని పిన్నుతో పొడిచి మళ్లీ ప్రయత్నించండి. ఈలోగా మూతి దగ్గరికి వెళ్లి తొంగి చూడడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

మందు పోయడం మరిచిపోయి గుండు దించేయడం మాటల్లో పడ్డప్పుడు ఎవరికైనా జరుగుతుంది. మందు లేదని గీత చెబుతుంది. కంగారు పడక్కర్లేదు. క్యాప్ లేదని చూసుకుని, నిపుల్ ఊడదీసి, ఆ రంధ్రంలోంచి నాలుగు పలుకులు మందు దూర్చి, నిపుల్ బిగించండి. గుండు అడుగుదాకా దిగి ఉందని రాడ్‌తో చూసుకుని, రాడ్ తీసేసి, టార్గెట్ వైపు పెట్టి కాలిస్తే బయటికి వచ్చేస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌తో గుండుని బయటికి తోసే పరికరం దొరుకుతుంది, అది ఇంకా తేలిక.

మందు ఉందో లేదో తెలియకపోతే, లేదా రెండుసార్లు దట్టించామని అనుమానం వస్తే కాల్చొద్దు. క్యాప్ తీసి, నిపుల్ విప్పి, ఆ దారిలోంచి నీళ్లు పోసి మందుని బాగా నాననిచ్చి, ఆ తర్వాతే స్క్రూతో గుండు లాగండి.

ఎంత చెప్పినా తక్కువే అనిపించే మాట ఒకటుంది: ఆధునిక స్మోక్‌లెస్ పౌడర్ చిటికెడు కూడా ఈ తుపాకిలో వేయకూడదు. గొట్టం చేతుల్లోనే పగులుతుంది. మూతలేని డబ్బాలో ఎవరో ఇచ్చిన మందు, పేరు చెరిగిపోయిన మందు, ఇంట్లో చేసిన మందు, మూడూ వద్దు.

అడవిలో

కొమ్మ చివర ఆకాశం వెనకగా కూర్చున్న ఉడతని వదిలేయండి. తప్పిన గుండు ఎక్కడ పడుతుందో మీకు తెలియదు. చెట్టు మొద్దుకో, లావు కొమ్మకో ఆనుకున్నది, లేదా నేల మీదున్నదే మీది. తలకే గురి, 25 గజాల లోపే. అంతకంటే దూరమైతే దగ్గరికి నడవండి, లేదా కూర్చుని ఎదురుచూడండి. గాయపడి తప్పించుకుపోయే జంతువు ఏ వేటగాడికీ గౌరవం కాదు.

మనలో కొందరికి ఉడత అనగానే రాముడి వారధి గుర్తొచ్చి చేయి ఆడదు. వాళ్లు కుందేళ్ల సీజన్ చూసుకోండి, తుపాకి, కొలత ఇవే సరిపోతాయి. మాంసం శుభ్రం చేసేటప్పుడు గుండు తగిలిన చోట చుట్టూ ఉదారంగా కోసి పారేయండి, సీసం తునకలు కూరలోకి రాకూడదు. సీసపు గుళ్లు పట్టుకున్న చేతులు కడగకుండా తినొద్దు, పిల్లల్ని ఎత్తుకోవద్దు.

దట్టించిన తుపాకితో కారెక్కకండి. క్యాప్ తీసేస్తే చాలని కొన్ని రాష్ట్రాలు ఒప్పుకుంటాయి, అయినా మెత్తటి మట్టి గట్టు చూసి, చట్టం ఒప్పుకునే వేళలోనే కాల్చి ఖాళీ చేసుకుని బయల్దేరడం మంచిది.

కడగడం

అదే రోజు, అన్నం తినకముందే. ఈ మసి గాల్లోని తేమని పీల్చి రాత్రికి రాత్రే తుప్పు తెస్తుంది.

1. ఖాళీగా ఉందని రాడ్‌తో మళ్లీ చూసుకోండి. నిపుల్ ఊడదీసి సబ్బునీళ్లలో వేయండి.
2. గొట్టం చెక్కనుంచి విడిపోయే రకమైతే దాని మూలాన్ని బకెట్లో పెట్టి, తడి ప్యాచ్ చుట్టిన జాగ్‌తో పైకీ కిందికీ ఆడించండి. నీళ్లు నిపుల్ రంధ్రంలోంచి లోపలికి వచ్చి, నల్లగా బయటికి పోతాయి. విడిపోని రకమైతే నిపుల్ ఉండే చోట ప్లాస్టిక్ గొట్టం తగిలించుకునే ఫ్లషింగ్ కిట్ కొనండి. చెక్క తడవదు.
3. గోరువెచ్చటి నీళ్లు, రెండు చుక్కల డిష్ సోప్ చాలు. మరిగే నీళ్లు పోస్తే గొట్టం వేడికి తడి ఆరుతూనే సన్నటి తుప్పు పడుతుంది.
4. నీళ్లు తేటగా వచ్చేదాకా మార్చండి. పొడి ప్యాచ్‌లు తెల్లగా వచ్చేదాకా తుడవండి. నిప్పు వచ్చే దారిని పైప్ క్లీనర్‌తో ఆరబెట్టండి. లాక్ (హ్యామర్‌ని ఆడించే యంత్రభాగం) విప్పి దాని లోపలి మసి కూడా తీయండి, చాలామంది దీన్ని వదిలేస్తారు.
5. తుప్పు పట్టకుండా కాపాడే నూనె పలచగా పట్టించి, నిపుల్ మరలకి కాస్త గ్రీజు రాసి బిగించండి. ఈ నూనెని తర్వాతి కాల్పులకి ముందు పూర్తిగా తుడిచేయాలి.
6. మూతి కిందికి వచ్చేలా, అడుగున గుడ్డ వేసి నిలబెట్టండి. మూతి పైకి ఉండేలా పెడితే నూనె దిగి నిప్పు దారిలో చేరుతుంది. తుపాకి ఒకచోట, మందు ఇంకోచోట, రెండూ తాళం వేసి. మందు దాని కంపెనీ డబ్బాలోనే, వేడికి దూరంగా.

మర్నాడు ఒక పొడి ప్యాచ్ దించి తీయండి. తెల్లగానో, కాస్త నూనె మరకతోనో వస్తే పని అయినట్టే. గోధుమరంగు వస్తే తుప్పు మొదలైంది. నూనె ప్యాచ్‌తో గట్టిగా రుద్ది, తుడిచి, మళ్లీ పట్టించి, ఆ మర్నాడు ఇంకోసారి చూడండి. బూడిదరంగు లేదా నలుపు వస్తే మసి ఇంకా లోపలే ఉంది, బకెట్ దగ్గరికి తిరిగి వెళ్లాలి. వారం తర్వాత ఒకసారి, సీజన్ లేని రోజుల్లో నెలకోసారి ఇదే ప్యాచ్ పరీక్ష చేస్తూ ఉండండి.